ఆగస్టు 23న ఆకాశంలో చంద్రుడు లేడు

2025 ఆగస్టు 23న మన దేశం రెండో జాతీయ అంతరిక్ష దినోత్సవం చేసుకుంది. చంద్రయాన్-3 దిగిన రోజు కదా, అందుకని. స్కూళ్ళల్లో పిల్లలు చార్టుల మీద గుండ్రంగా చందమామని గీసి, పక్కన రాకెట్టు వేసి, వెండి కాగితం అంటించి నానా హడావుడి చేశారు. ఫేస్‌బుక్ తెరిస్తే అవే ఫోటోలు, వాట్సాప్ తెరిస్తే అవే స్టేటస్‌లు. అంతా బాగానే ఉంది గానీ ఆ రోజు అమావాస్య. పదకొండున్నర దాటేదాకా అమావాస్య తిథే ఉంది, సాయంత్రం మేడెక్కి ఎంత వెతికినా చంద్రుడు కనపడడు. ఆయన మీద కాలు పెట్టిన పండగ మనం చేసుకుంటుంటే ఆయనేమో ఆ రోజే సెలవు పెట్టాడు.

ఈ మాట మా అమ్మకి చెప్తే అస్సలు ఆశ్చర్యపోలా. "తారీఖు పట్టుకుని చేస్తే అట్టాగే ఉంటది, తిథి చూసుకోవద్దూ" అంది. నేను నవ్వేసి ఊరుకుందామనుకున్నా గానీ ఆ మాట బుర్రలో ఉండిపోయింది, రాత్రి కూర్చుని లెక్కలు చూస్తే అమ్మ చెప్పిందే కరెక్టు. చాదస్తం అనుకునేరు, కాదు, సైన్సు ప్రకారమే కరెక్టు. చంద్రయాన్-3 విషయంలో మాత్రం తారీఖు కన్నా తిథికే విలువెక్కువ. ఎలాగో చెప్తా, కొంచెం ఓపిగ్గా చదవండి.

2023 ఆగస్టు 23 బుధవారం, శ్రావణ శుద్ధ సప్తమి. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది కాబట్టి ఇది నిజ శ్రావణం. తర్వాతి శుక్రవారమే వరలక్ష్మీ వ్రతం, మా ఇంట్లో అప్పటికే కొబ్బరికాయలు, తమలపాకులు, జాకెట్టు ముక్కలు అన్నీ మంచం మీద పరిచి ఉన్నాయి, ఆ మంచం చివర్న కూర్చునే టీవీ చూశాం. ఆరు గంటల నాలుగు నిమిషాలకి దిగింది. దానికి ముందు ఆ పంతొమ్మిది నిమిషాలూ టీవీలో కనపడిందల్లా ఒక గ్రాఫు, అందులో వంకర గీత ఒకటి, దాని మీదుగా కిందికి జారుతున్న చుక్క. వీడియో లేదు ఏం లేదు. ముప్ఫై కిలోమీటర్ల ఎత్తులో సెకనుకి 1.68 కిలోమీటర్ల వేగం, అక్కణ్ణుంచి అంకెలు తగ్గుతూ తగ్గుతూ, 150 మీటర్ల దగ్గర కాసేపు అలా గాల్లో నిలబడి (గాలి ఎక్కడుందిలే అక్కడ) కింద గుంతలున్నాయా రాళ్ళున్నాయా చూసుకుంది చూడండి, అప్పుడు మా ఇంట్లో ఎవ్వరూ మాట్లాళ్ళేదు. ఒకేసారి 80 లక్షల మందికి పైగా యూట్యూబ్‌లో ఆ చుక్కనే చూస్తున్నారు. క్రికెట్ కాదు, సినిమా కాదు, గ్రాఫు మీద చుక్క!

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. ఆగస్టు 23నే ఎందుకు దిగింది? మంచి రోజని కాదు, ఎవరి పుట్టినరోజూ కాదు. రాకెట్టు జులై 14నే వెళ్ళింది, ఆగస్టు 5కల్లా చంద్రుడి కక్ష్యలోకి చేరింది, 17న ల్యాండర్, అంటే కిందికి దిగే భాగం, విడిపోయింది కూడా. మరి ఆ తర్వాత ఎందుకు ఆగారంటే పొద్దు పొడవడం కోసం. విక్రమ్ ల్యాండర్‌కి కరెంటు ఇచ్చేది సోలార్ ప్యానెళ్ళే. చంద్రుడి మీద పగలు మన లెక్కలో సుమారు పద్నాలుగు రోజులు, రాత్రీ అంతే, రాత్రి చలి కూడా ఘోరం. కాబట్టి పొద్దు పొడిచీ పొడవగానే దిగితే పద్నాలుగు రోజుల పని దొరుకుతుంది, మధ్యాహ్నం దిగితే సగం పోయినట్టే. 23న ఏమైనా తేడా కనిపిస్తే 27కి వాయిదా వేద్దామనుకున్నారు, అదీ దాటితే ఇంక మళ్ళీ నెల ఆగాల్సిందే.

ఇక్కడే తిథి వస్తుంది. తిథి అంటే ఏంటి? సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం. పన్నెండు డిగ్రీలకి ఒక తిథి, అంతే, అందులో మాయా మర్మం ఏం లేదు. ఆ కోణాన్ని బట్టే చంద్రుడి మీద ఎక్కడిదాకా ఎండ వచ్చిందో తెలుస్తుంది. విక్రమ్ దిగిన చోటు చంద్రుడి రేఖాంశంలో దాదాపు 32 డిగ్రీల తూర్పున ఉంది, అక్కడ ఎప్పుడు పొద్దు పొడిచినా మనకి అది శుద్ధ పంచమి, షష్ఠి, సప్తమి ప్రాంతమే అవుతుంది. జనవరి అయినా సరే, జులై అయినా సరే. అంటే మన పంచాంగంలో సప్తమి అని ఉంటే అక్కడ తెల్లవారుతోందని అర్థం! ఆగస్టు 23 అనే అంకె అక్కడి ఎండ గురించి ఒక్క ముక్క చెప్పదు. మరుసటి ఏడు 2024లో ఆగస్టు 23 నాటికి పౌర్ణమి దాటిపోయి చంద్రుడు తరుగుతున్నాడు, ఆ పై ఏడు ఏకంగా అమావాస్య. అదే శ్రావణ శుద్ధ సప్తమి పట్టుకుంటే 2024లో ఆగస్టు 11న వచ్చింది, 2025లో జులై నెలాఖరుకే వచ్చేసింది. ఆ రెండు రోజులూ విక్రమ్ ఉన్న చోట పొద్దు పొడుస్తూనే ఉంది, మనకే పట్టలేదు.

ఇంకోటి చూడండి. సెప్టెంబర్ 2న రోవర్‌నీ (అక్కడ తిరిగే చిన్న బండి) 4న ల్యాండర్‌నీ నిద్రపుచ్చారు కదా, బ్యాటరీ నింపి, మళ్ళీ ఎండ వచ్చాక లేస్తే లేచినట్టు లేకపోతే లేదు అని. లేపడానికి ప్రయత్నించింది సెప్టెంబర్ 22న. అది భాద్రపద శుద్ధ సప్తమి, వినాయక చవితి పందిళ్ళు ఇంకా తియ్యలేదు. సరిగ్గా నెల తిరిగింది, సప్తమి నుంచి సప్తమికి. సిగ్నల్ రాలేదు. ఆ తర్వాత నుంచీ ప్రతి నెలా సప్తమికి అక్కడ ఎండ వస్తూనే ఉంది, విక్రమ్ మాత్రం లేవలేదు. ఇవన్నీ మాసికాలు అని నోరు జారితే మా అమ్మ "ఛీ, శుభమా అని మాట్లాడతా ఉంటే" అని కసిరింది.

తిథీ తారీఖూ రెండూ కలిసే ఏడు ఉండదా అంటే ఉంటుంది, పెద్దవాళ్ళందరికీ తెలిసిందే, పంతొమ్మిదేళ్ళకోసారి పుట్టినరోజు తిథీ తారీఖూ దగ్గరకొస్తాయి, ఒక రోజు అటూ ఇటూ. 235 చాంద్రమాన నెలలు పంతొమ్మిదేళ్ళతో దాదాపు సరిపోతాయి కాబట్టి. ఆ లెక్కన చంద్రయాన్-3కి అది 2042 ఆగస్టు 23, శనివారం పడింది. అపోలో-11కి అయితే 1988, 2007, 2026. 1969 జులైలో మనుషులు చంద్రుడి మీద నడుస్తున్నప్పుడు సాయంత్రం ఆకాశంలో చంద్రుడు ఏ ఆకారంలో ఉన్నాడో చూడాలంటే ఈ ఏళ్ళల్లో జులై 20, 21 తేదీల్లో పడమటి వైపు చూస్తే సరిపోతుంది. అష్టమికి ముందు నెలవంక కంటే కాస్త లావుగా. వాళ్ళకీ పొద్దు ఏటవాలుగా ఉన్నప్పుడే దిగడం కావాలి, నీడలు పొడుగ్గా పడితేనే గుంతలూ రాళ్ళూ కంటికి ఆనతాయని.

అపోలో అనగానే ఇంకో తకరారు. జులై 20 అని ప్రపంచమంతా అంటారు. మనకి మాత్రం కాదు! వాళ్ళ ల్యాండర్ ఈగల్ దిగినప్పుడు ఇక్కడ అర్ధరాత్రి దాటి 1 గంట 47 నిమిషాలు, అంటే జులై 21. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపింది సోమవారం పొద్దున 8 గంటల 26 నిమిషాలకి. అమెరికా వాళ్ళకి ఆదివారం రాత్రి, ఇంటిల్లిపాదీ టీవీ ముందు. మా పెదనాన్నకేమో స్కూలు టైము. అప్పటికి ఆంధ్రలో టీవీ ఎక్కడిది, హైదరాబాద్‌కే 1977లో వచ్చింది. కిళ్ళీకొట్టు దగ్గర రేడియో చుట్టూ జనం ఉంటే ఆగి విని లేటుగా వెళ్ళి బెంచీ ఎక్కాడంట. ఆయనకి జులై 20 అంటే కుదరదు, "నేను బెంచీ ఎక్కింది సోమవారంరా" అంటాడు, పేపర్లో వేరే తారీఖు వేస్తే పేపర్‌దే తప్పంటాడు.

ఈ గొడవ మా ఇంట్లో చంద్రయాన్-2కీ వచ్చింది. ఇక్కడ సెప్టెంబర్ 7 తెల్లవారుజాము, దాదాపు రెండు గంటలు, అలారం పెట్టుకుని లేచి చూశాం, చివర్లో సిగ్నల్ పోయింది. డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కొడుక్కి అది 6వ తారీఖు శుక్రవారం మధ్యాహ్నం, ఆఫీసు మీటింగులో ఫోను కిందపెట్టి దొంగచాటుగా చూశాడు. ఇద్దరం ఒకటే చూశాం, ఒకేసారి ఉసూరుమన్నాం, తారీఖులు మాత్రం వేరు. అసలు మొట్టమొదటి ఉపగ్రహం స్పుత్నిక్‌కే ఈ తిప్పలు తప్పలేదు. 1957 అక్టోబర్ 4 అంటారు, అది మాస్కో టైము, రాత్రి పదిన్నర. రాకెట్టు లేచిన చోట, అదే కజకిస్తాన్‌లో, అప్పటికే అర్ధరాత్రి దాటి అయిదో తారీఖు. మనకీ అయిదే. అంతరిక్ష యుగం మొదలైన తారీఖే మొదలైన చోట చెల్లదంటే ఇంక మిగతావాటి సంగతి ఏం చెప్తాం.

ఇదంతా సరదాకి చెప్పుకునేదే అనుకోండి. అసలు నాకు మనసులో ఉన్న మాట వేరే. తారీఖు ముందు పెట్టుకుని పని దాని వెనక తోలితే ఏమవుతుంది అనేది.

లైకా కథ అందరికీ తెలుసు, మొదటిసారి భూమి చుట్టూ తిరిగిన కుక్క, స్టాంపుల మీద బొమ్మ, అంతా ముద్దుగానే ఉంటుంది. కానీ అది నవంబర్ 3నే ఎందుకు వెళ్ళింది? స్పుత్నిక్-1 వెళ్ళి నెల కూడా కాలేదు. 1957 నవంబర్ 7కి రష్యా విప్లవానికి నలభై ఏళ్ళు నిండుతాయి, ఆ పండగకి ఇంకోటి ఏదైనా గొప్పగా కావాలి అని సోవియట్ అధినేత క్రుశ్చేవ్ అడిగాడు. అడిగినవాడు మామూలోడా, కాదనేదెవరు. నాలుగు వారాల్లోపే స్పుత్నిక్-2 కట్టారు. పాపం ఆ కుక్క మాస్కో వీధుల్లో తిరిగేది, పట్టుకొచ్చి శిక్షణ ఇచ్చారు. తిరిగి తెచ్చే ఏర్పాటు మొదట్నుంచీ లేదు, అది వాళ్ళకీ తెలుసు. కొన్ని రోజులు బతికింది, తర్వాత నొప్పి లేకుండా పోయింది అని చాలా ఏళ్ళు చెప్పుకొచ్చారు. 2002లో బయటికొచ్చిన నిజం ఏంటంటే వెళ్ళిన కొన్ని గంటల్లోనే లోపల వేడి తట్టుకోలేక చచ్చిపోయింది. వేడి తగ్గించే ఏర్పాటు సరిగ్గా చేసుకునే టైము లేదు కదా, నవంబర్ 7 వచ్చేస్తోంది. దానికి శిక్షణ ఇచ్చిన శాస్త్రవేత్తల్లో ఒకాయన, ఒలెగ్ గజెంకో, 1998లో చెప్పాడు, కుక్క ప్రాణానికి సరిపడా మేం ఏమీ నేర్చుకోలేదు అని. ఇప్పటికీ నవంబర్ 3న లైకా బొమ్మలు పెట్టి హార్టు సింబళ్ళు పెడుతుంటారు, పెట్టుకోండి, కాకపోతే నాలుగు రోజుల తర్వాత ఉన్న ఆ పండగ సంగతి కూడా ఒక లైను రాస్తే బాగుంటుంది.

దానికి పూర్తిగా రివర్స్ వైకింగ్-1. ఇది నాకు చాలా ఇష్టమైన కథ, ఎవరికి చెప్పినా మొదటిసారి వింటున్నాం అంటారు. 1976 జులై 4 అంటే అమెరికాకి స్వతంత్రం వచ్చి రెండొందల ఏళ్ళు. దేశమంతా బాణసంచా, ఓడల ఊరేగింపులు. సరిగ్గా ఆ రోజే అంగారకుడి మీద ల్యాండర్ దిగాలని నాసా ప్లాను. ఇంతకన్నా మంచి ముహూర్తం ఎవరైనా ఊహించగలరా? ప్రెసిడెంటు, టీవీలు, జెండాలు, అన్నీ సిద్ధం. జూన్ 19న వైకింగ్ అంగారకుడి కక్ష్యలోకి వెళ్ళింది, దిగాల్సిన చోటు ఫోటోలు తీసి పంపింది. ముందు అనుకున్నట్టు చదునుగా లేదు ఆ చోటు, గుంతలు, కోసుకుపోయిన కాలవలు, గందరగోళం. ప్రాజెక్టు మేనేజర్ జిమ్ మార్టిన్ ఏం చేశాడు? జులై 4 వద్దు, ఇంకో చోటు వెతకండి అన్నాడు. అంతే. ఆ రోజుల్లో ఫోటోలో ఫుట్‌బాల్ స్టేడియం సైజు కంటే చిన్నది కనపడేది కాదు, రాళ్ళున్నాయో లేదో తెలుసుకోడానికి భూమ్మీద నుంచి రాడార్ వేసి చూశారు, ఆ చోటు వద్దు ఈ చోటు వద్దు అనుకుంటూ రెండు వారాలు పైన తిప్పారు. బాణసంచా అయిపోయింది, జెండాలు దించేశారు, అప్పుడు నింపాదిగా జులై 20న దిగింది. తీరా చూస్తే అపోలో-11 దిగి సరిగ్గా ఏడేళ్ళు! కావాలని పెట్టుకున్న తారీఖు పోయింది, అడగని తారీఖు వచ్చి కూర్చుంది. (మనకైతే అదీ లేదు, వైకింగ్ మన సాయంత్రం అయిదు గంటల ఇరవై నిమిషాలప్పుడు దిగింది కాబట్టి 20, అపోలో మనకి 21. మా పెదనాన్న ముందు అనకండి.)

తొంభై రోజులు పనిచేస్తే చాలనుకున్న ఆ ల్యాండర్ 1982 నవంబర్ దాకా ఆరేళ్ళు పనిచేసింది. జులై 4నే దింపి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం గానీ, ఆ రోజు వద్దని చెప్పడానికి ఎంత గుండె ధైర్యం కావాలో మాత్రం నాకు అర్థమవుతుంది, మన ఆఫీసుల్లో ఓపెనింగ్ డేటు ముందే ప్రకటించేసి, పెద్దాయన వస్తున్నాడని తడి ఆరని గోడలకి రంగులేసే మనుషుల మధ్య బతుకుతున్నాం కదా.

ఏప్రిల్ నెల గురించి కూడా రాయకపోతే తిడతారు, ఎందుకంటే ఏడాది మొత్తంలో ఇన్ని తారీఖులు దొంతరగా ఉన్న నెల ఇదే. 12న అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి మనిషి గగారిన్, 1961, నూట ఎనిమిది నిమిషాలు. అదే 12న ఇరవై ఏళ్ళకి మొదటి స్పేస్ షటిల్ కొలంబియా. కావాలని కుదిర్చారని చాలామంది అనుకుంటారు, కాదు, అది 10న వెళ్ళాల్సింది, లోపలి కంప్యూటర్లలో మెయిన్‌వీ బ్యాకప్‌వీ టైము సెకనులో చిన్న ముక్క తేడాతో కలవక ఆగిపోయింది, సరిచేసి రెండ్రోజులు పోయాక వదిలారు. 19న మన మొదటి ఉపగ్రహం ఆర్యభట్ట, 1975, రష్యా వాళ్ళ కాపుస్తిన్ యార్ నుంచి వెళ్ళింది, పాత రెండు రూపాయల నోటు వెనక బొమ్మ ఇదే, మీ ఇంట్లో పాత పర్సుల్లో వెతికితే దొరుకుతుంది. అదే ఏప్రిల్ 19న, 1971లో, ప్రపంచంలో మొదటి స్పేస్ స్టేషన్ సాల్యూత్-1. 3వ తారీఖు అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి భారతీయుడు రాకేశ్ శర్మ, 1984. ఈయన చదువుకుంది హైదరాబాద్‌లోనే, సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు, తర్వాత నిజాం కాలేజీ. హైదరాబాద్‌లో ఏప్రిల్ 3న ఒక్క ఫ్లెక్సీ కూడా నాకు కనపడలేదు, గల్లీ లీడర్ బర్త్‌డేకి మాత్రం వంద కడతారు. ఆయన తర్వాత భారతీయుడు ఒకరు మళ్ళీ కక్ష్యలోకి వెళ్ళడానికి 41 ఏళ్ళు పట్టింది, 2025 జూన్ 25న శుభాంశు శుక్లా. ఆ తారీఖైనా గుర్తుపెట్టుకుందాం.

ఇక మా వైపు సంగతి. మాది నాయుడుపేట. శ్రీహరికోటలో రాకెట్టు వదిలితే మా మేడ మీదికి కనపడుతుంది, మా వైపు దాన్ని షార్ అనే అంటాం, ఎవరూ సతీష్ ధవన్ స్పేస్ సెంటర్ అని పూర్తి పేరు వాడరు, 2002లో ఆ పేరు పెట్టినా సరే. ముందు చెట్ల మీదుగా నారింజ రంగు వెలుగొకటి లేస్తుంది, తెల్లటి పొగ తాడులా పైకి సాగుతుంది, అసలు చప్పుడే ఉండదు. పిల్లలు ఈలలేసి, ఫోటోలు తీసి, మెడలు నొప్పెట్టి కిందికి దిగుదాం అనుకునేసరికి, దాదాపు రెండు నిమిషాలకి, అప్పుడొస్తుంది గుడగుడమని, కిటికీ అద్దాలు సన్నగా వణుకుతాయి. సూళ్ళూరుపేటలో అయితే నిమిషం చిల్లరకే వచ్చేస్తుంది, గట్టిగా కూడా ఉంటుంది. అక్కడి చెంగాళమ్మ గుడికి ప్రయోగానికి ముందు ఇస్రో ఛైర్మన్లు వచ్చి దణ్ణం పెట్టుకెళ్ళడం పేపర్లో చూస్తూనే ఉంటారు కదా.

మా వైపు పెద్దవాళ్ళకి గుర్తున్న తారీఖు 1979 ఆగస్టు 10. మొదటి ఎస్ఎల్‌వీ-3 రాకెట్టు. లేచింది, పోయింది, 317 సెకన్లకి బంగాళాఖాతంలో పడింది. రెండో అంచెని అదుపు చేసే సిస్టంలో ఒక వాల్వ్ సరిగ్గా మూసుకోక యాసిడ్ కారిపోయిందని తర్వాత తేలింది. ఏడాది తిరక్కుండా 1980 జులై 18 పొద్దున ఎనిమిదింటికి రెండోది వెళ్ళింది, 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ ప్రాజెక్టు నడిపిన కలాం గారి పేరు అప్పుడే ఇంటింటికీ తెలిసింది. పేపర్లు ఏటా జులై 18 గుర్తు చేస్తాయి, ఆగస్టు 10ని ఎవరూ ఎత్తరు. కానీ 2025 జనవరి 29 పొద్దున్నే ఆరున్నర ముందు జీఎస్ఎల్‌వీ లేచి, శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం అని అందరూ చప్పట్లు కొట్టారు చూడండి, ఆ వంద లెక్క మొదలయ్యేది ఆ పడిపోయిన దాని దగ్గరే. దాన్ని తీసేస్తే తొంభైతొమ్మిదే! వందోది కూడా రాకెట్టు పని రాకెట్టు చక్కగా చేసింది గానీ ఉపగ్రహంలో వాల్వ్ తెరుచుకోక అనుకున్న కక్ష్యకి చేరలేదు. మొదటిదాంట్లో వాల్వ్ మూసుకోలేదు, వందోదాంట్లో తెరుచుకోలేదు, వాల్వులతో మనకేదో పాత బాకీ ఉన్నట్టుంది.

ఆ వందలో చేరనివి ఇంకా బోలెడు ఉన్నాయి. సౌండింగ్ రాకెట్లని లెక్కలోకి తీసుకోరు, చిన్నవి కదా, కక్ష్యలోకి వెళ్ళవు, పైకెళ్ళి గాలి సంగతులు కొలిచి పడిపోతాయి. కానీ శ్రీహరికోట నేల మీద నుంచి మొట్టమొదట లేచింది అదే. 1971 అక్టోబర్ 9, రోహిణి-125. ఆ 125 మిల్లీమీటర్లు, దాని మందం. మూరెడు కూడా కాదు, జానెడు కూడా లేదు! ఇప్పుడు అక్కణ్ణుంచే లేచే ఎల్‌వీఎం-3 బరువు 640 టన్నులు, ఎత్తు పద్నాలుగంతస్తుల మేడంత. మన అంతరిక్ష కార్యక్రమానికి ఆద్యుడు విక్రమ్ సారాభాయ్ అప్పటికి బతికే ఉన్నారు, అదే డిసెంబర్ 30న పోయారు. 1969లో ఈ దీవిని ఎంచుకున్నారు, తూర్పంతా సముద్రం కాబట్టి ఏదైనా పడినా నీళ్ళల్లో పడుతుంది, భూమధ్యరేఖకీ దగ్గరే. ఖాళీ దీవి అని రాస్తారు కొన్ని చోట్ల, ఖాళీ ఏం కాదు, యానాదులు ఉండేవాళ్ళు అక్కడ, అడవిలో దుంపలూ తేనే, పులికాట్‌లో చేపలూ వాళ్ళ బతుకు. రాకెట్ల కోసం వాళ్ళని అక్కణ్ణుంచి కదిలించారు. వాళ్ళు ఊరు వదిలిన రోజుకి మాత్రం ఏ క్యాలెండర్‌లోనూ తారీఖు లేదు.

అక్టోబర్ 9 అదృష్టం ఏంటంటే అది ఎలాగూ ప్రపంచ అంతరిక్ష వారోత్సవాల మధ్యలో పడుతుంది. అక్టోబర్ 4 నుంచి 10 దాకా, ఆ రెండు చివరలూ ఐక్యరాజ్యసమితి ఊరికే పెట్టలేదు, ఒకటి స్పుత్నిక్ రోజు, ఇంకోటి 1967లో అంతరిక్షం ఏ దేశం సొంతమూ కాదన్న ఒప్పందం అమల్లోకొచ్చిన రోజు. ఆ వారం షార్ వాళ్ళు ఆంధ్ర, తెలంగాణ ఊళ్ళల్లో కాలేజీల్లో ఎగ్జిబిషన్లు పెడతారు. నేను హైస్కూల్లో ఉండగా ఒకదానికి వెళ్ళా, లైనులో గంటసేపు తోసుకుంటూ, పీఎస్ఎల్‌వీ మోడల్ అంచెలు ఒక్కోటీ విడదీసి చూపిస్తుంటే నోరెళ్ళబెట్టి చూడ్డం, కాయితం బ్యాడ్జీ చొక్కాకి గుచ్చుకుని నాలుగు రోజులు తియ్యకపోవడం. ఈసారి మీ ఊరికొస్తే పిల్లల్ని తీసుకెళ్ళండి, పొద్దున్నే వెళ్ళండి, పదకొండు దాటితే స్కూలు బస్సులు దిగిపోయి కాలు పెట్టే సందు ఉండదు. పెద్ద పెద్ద మోడల్స్ పక్కన నిలబడ్డ ఇంజినీర్లని ఆ జానెడు లేని రోహిణి ఎక్కడుందని అడగండి. ఎల్‌వీఎం-3 గురించి చెప్పడం మొదలుపెడతారు, అయినా వదలకుండా అడగండి.